గోరంత రేకు

ఫిబ్రవరి 26

ఈ నోటుపుస్తకం మా మరదలిది. గళ్ళ కాగితాలు, గట్టి అట్ట. ఆవిడ పెట్టెలో ఇలాంటివి పదకొండున్నాయి. ఆవిడకి పది చాలు.

ఇవాళ బజారు పెద్ద తురాబ్ తాత మా రేకుల పనివాళ్ళ వరసకి వచ్చాడు. హోషిమ్ కొట్టుకీ నా కొట్టుకీ సరిగ్గా నడిమధ్య స్టూలు వేయించుకుని కూర్చున్నాడు. అంగుళం అటు జరిగితే హోషిమ్ మనిషంటారనీ, ఇటు జరిగితే నా మనిషంటారనీ ఆయన భయం. ఏటి ఒడ్డు బజారు నెలాఖరున కాదు, వచ్చే నెలాఖరున కాదు, ఏప్రిల్ ఆఖరుకి ఎత్తేస్తారట. పైకప్పు వేసి కొత్తగా కట్టిన బజారులో రేకుల పనికి ఒకే ఒక్క కొట్టు ఇస్తారట. మా నాన్న రోజుల్లో ఈ వరసలో పదిహేడు సుత్తులు మోగేవి. ఇప్పుడు రెండు. అందులో ఒకటి నోరు మూసుకోవాలి.

"ఒక్క రేకు పందెం పెడుతున్నాను," అన్నాడు తాత. "ఇద్దరికీ ఒకే కొలత రేకు, రెండు మీటర్లు బై ఒకటి. మూతలేని గుండ్రటి తొట్టి చెయ్యాలి. ఎవడి తొట్టిలో ఎక్కువ చెంబుల నీళ్ళు పడితే వాడిదే కొట్టు. ఏప్రిల్ ఎనిమిది."

"కారితే?" అన్నాను.

"కారితే చెల్లదు. నీ తొట్టి వాడు చూసి చెప్తాడు, వాడి తొట్టి నువ్వు చూసి చెప్తావు. పాత పద్ధతే. చెప్పిన మాటకి తిరుగు లేదు."

హోషిమ్ వంగి, నా చెప్పు పక్కనున్న రేకు ముక్క తీసుకుని తన ముందుగుడ్డ జేబులో వేసుకున్నాడు. నా కొట్టు ముందు, నా కత్తెర కింద పడ్డ ముక్క! ముప్పై ఏళ్ళుగా అదే పని. కోడి గింజలేరినట్టు ఏరతాడు. ముక్కల హోషిమ్ అని పేరు పెట్టింది నేనే. ఇప్పుడు వాడి పెళ్ళాం కూడా అలాగే పిలుస్తుంది.

ఈ పందెం ఇంతకుముందు జరిగింది నాన్న రోజుల్లో. గెలిచింది నాన్న. ఆయన కొలకర్ర ఇంకా నా దగ్గరే ఉంది. ఎంత పెద్ద తొట్టయినా పదకొండు వేళ్ళ వెడల్పుకి ఏడు వేళ్ళ ఎత్తు. అంతే. నాకేం భయం లేదు.

ఫిబ్రవరి 27

భయం లేదు.

మార్చి 2

మరదలి గురించి రాయకూడదనుకున్నాను. కానీ ఆవిడ నోటుపుస్తకంలో ఆవిడని తిట్టడంలో ఒక సుఖముంది.

పేరు నఫొసత్. నా భార్య కరామత్‌కి చెల్లెలు. ఇరవై రెండేళ్ళు పెద్ద చదువుల బడిలో లెక్కలు చెప్పింది. శరదృతువులో అక్కడ ఆవిడ శాఖ మూసేశారు. రెండు పెట్టెలు, ఒక టీకెటిల్‌తో మా ఇంట్లో దిగింది. అప్పట్నించీ నా రొట్టె తింటూ నన్ను దిద్దుతోంది. "బావా, 'సుమారు సరిగ్గా' అనకూడదు. సుమారో సరిగ్గానో ఒకటే అనాలి." అన్నం ముందు ఇదీ వరస.

నేను ఊరుకున్నానా? ఆవిడ కెటిల్ ముక్కులో చిన్న రేకు బిళ్ళ పెట్టి మాటు వేశాను. వంచితే నీళ్ళు రావు. పావుగంట వంచింది.

"ఏడో తరగతిలో గోడ దూకిన బుద్ధి ఇంకా పోలేదు!"

"గోడ దూకింది నేను. కూలింది నీ బడి."

కరామత్ పళ్ళెం విసురుగా పెట్టింది. ఆ తర్వాత ముగ్గురం గోడవైపు చూస్తూ తిన్నాం.

మార్చి 5

పందెం సంగతి కరామత్ చెల్లెలికి చెప్పేసింది. కొట్టు పోతే ఇల్లెలా గడుస్తుందని ఇద్దరూ పొయ్యి దగ్గర గుసగుస. నేను లేననుకున్నారు. కొట్టు పోతుందని ఎవరన్నారు?

సాయంత్రం మరదలు కాగితం పట్టుకొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"దీనికి లెక్కుంది బావా."

"రేకుకి కత్తెర ఉంటుంది."

"విను. నీకు కావలసింది ఎక్కువ నీళ్ళు. నిన్ను ఆపేది ఏమిటి?"

"హోషిమ్."

"కాదు. రేకు. రేకుకి హద్దు లేకపోతే చెరువంత తొట్టి చేస్తావు. ఉన్నది ఒక్క రేకు. అది షరతు. షరతు మీరకుండా నీళ్ళ లెక్కలో ఎంత పైకి ఎక్కగలవు అన్నదే ప్రశ్న. లగ్రాంజ్ అని ఒకాయన, ఇటలీలో పుట్టి ఫ్రాన్సులో పోయాడు, దీనికి దారి చెప్పాడు."

"ఆయన ఎప్పుడైనా రేకు కోశాడా?"

"కొయ్యకుండానే చెప్పాడు. అదే గొప్ప."

అరచేయి నా ముఖం ముందు పెట్టింది. "ఇంత రేకు నీకు అదనంగా ఇచ్చాననుకో. దాన్ని వెడల్పుకి పెడితే కొన్ని నీళ్ళు పెరుగుతాయి. ఎత్తుకి పెడితే కొన్ని పెరుగుతాయి. వెడల్పు దగ్గర ఎక్కువ పెరిగితే అర్థమేమిటి?"

"ఎత్తులోంచి కోసి వెడల్పుకి వెయ్యాలి."

అనేశాను. నోరు జారింది. ఆవిడ కళ్ళు ఒక్క క్షణం బడిలో మంచి పిల్లాణ్ణి చూసినట్టు వెలిగాయి. ఒళ్ళు మండింది.

"అదే. రెండుచోట్లా ఒకే లాభం వచ్చేదాకా అటూ ఇటూ మార్చు. ఇక మార్చినా ఏమీ పెరగని చోటు ఒకటుంటుంది. అదే శిఖరం. అక్కడ ఒక అరచేతి రేకు విలువెంతో చెప్పే సంఖ్యకి లాంబ్డా అని పేరు. మీ రేకుకి పైపైన వేసి చూశాను. అరచేతికి ఒక చెంబు, పైన కొంచెం."

లాంబ్డా అట. మేకకి పెట్టాల్సిన పేరు.

తర్వాత అడిగింది. "ఒక్కటి చెప్పు. రేకంతా తొట్టిలోకి వెళ్తుందా? కోతలో ఏమైనా పోతుందా?"

"ఈ ఎగాంబెర్ది కొట్టులో గోరంత రేకు కూడా నేలమీద పడదు," అన్నాను.

మరేమంటాం? పంతులమ్మ ముందు 'పడుతుందమ్మా' అంటామా?

మార్చి 6

మా మేకకి లాంబ్డా అని పేరు పెట్టాను. పిలిస్తే వస్తోంది.

మార్చి 9

ఆవిడ లెక్క తేల్చింది. ఎత్తు వెడల్పులో సరిగ్గా సగం ఉండాలట. కాగితం నిండా అక్షరాలు, అంకెలు, అడుగున పెద్ద అక్షరాలతో 'ఎత్తు = వెడల్పులో సగం' అని, దాని చుట్టూ గీత. నాన్న కర్ర తప్పట.

నాన్నని ఏమైనా అంటే నేను ఊరుకోను. ఒకే కొలత టీ డబ్బా రేకులతో రెండు చిన్న తొట్లు చేశాను. ఒకటి నాన్న కర్ర ప్రకారం, ఒకటి పంతులమ్మ కాగితం ప్రకారం. చెంచాతో నీళ్ళు పోసి మూడుసార్లు లెక్కపెట్టాను. నాన్నది నూట నలభై రెండు చెంచాలు. ఆవిడది నూట నలభై ఒకటి.

ఒక్క చెంచా. ఒక్క చెంచా చాలు! అక్కడే నేలమీద కూర్చుని నవ్వాను. నవ్వుతుంటే కాలికింద ఏదో గుచ్చుకుంది. మూల ముక్క. అడుగుబిళ్ళ గుండ్రంగా కొయ్యాలంటే ముందు చదరం కొయ్యాలి. నాలుగు మూలలూ కత్తెర పాలే. ఆ నాలుగు మూలలూ పంతులమ్మ లెక్కలో తొట్టిలోనే ఉన్నాయి. నా కొట్టులో నేలమీదున్నాయి. అందుకే ఆవిడ శిఖరం పక్కకి ఒరిగింది. నాన్న మూలల్ని వదిలేసి కొలిచాడు, ఆయన సంగతి ఆయనకి తెలుసు.

ఇరవై రెండేళ్ళు పాఠాలు చెప్పిన మనిషికి తెలియంది నా మడమకి తెలిసింది.

చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

మార్చి 11

వాన. ఏమీ లేదు.

మార్చి 12

ఉంది. బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది.

మార్చి 14

ఆవిడ కాగితం తీసుకెళ్ళి అందులో ఎండు పెరుగు ఉండలు పొట్లం కట్టాను. హోషిమ్ కొట్టు ముందు టీ బల్లమీద 'మరిచిపోయాను'. నా కొట్టులో కూర్చుని కెటిల్‌కి అడుగు వేస్తూ ఓరకంట చూస్తున్నాను. హోషిమ్ వచ్చాడు. ఉండలు తిన్నాడు. కాగితం పారేశాడా? వాడా? మోకాలిమీద పెట్టి అరచేత్తో మడతలు సాపు చేశాడు. వాడు పొట్లం కాగితాలు కూడా దాస్తాడు. నాకు తెలుసు, అందుకే అలా ఇచ్చాను. చదివాడు. తలెత్తి నా కొట్టువైపు చూశాడు. నేను సుత్తి వేగం పెంచాను.

ఇప్పుడు వాడు పెద్ద చదువుల లెక్క ప్రకారం చేస్తాడు. నేను నాన్న కర్ర ప్రకారం చేస్తాను. ఒక్క చెంబు తేడాతో వాడు పోతాడు. ఓడించింది నా మరదలి లెక్కేనని ఆ తర్వాత వరసంతా చెప్తాను. ఒకే దెబ్బకి ఇద్దరు.

మార్చి 15

"నా కాగితం ఏది బావా?"

"లాంబ్డా తినేసింది."

"ఏది?"

"మేక."

ఆవిడ బయటికెళ్ళి మేకని కట్టిన చోటు చూసొచ్చింది. "మేక తింటే మూలలు వదిలేస్తుంది," అంది. "మూలలేవీ?"

మూలలని ఎందుకు అంది? ఏమీ తెలిసి అనలేదు. ఊరికే అంది.

మార్చి 21

నవ్రూజ్, మా కొత్త సంవత్సరం పండుగ. వీధిలో పెద్ద కడాయి పెట్టి గోధుమ మొలకల పాయసం కలిపారు. అడుగంటకుండా అందరూ వంతులవారీగా గరిట తిప్పాలి. నా వంతయ్యాక హోషిమ్ వంతు. గరిట చేతికిస్తే నా చెయ్యి పట్టుకుని, "ఆ ఉండలు బాగున్నాయిరా," అన్నాడు.

"ఏ ఉండలు?"

"అవే."

పాయసం తియ్యగానే ఉందన్నారు. నాకు రుచి తెలియలేదు, జలుబు.

మార్చి 30

రేకులొచ్చాయి. తాత ఎదురుగా కొలిచి ఇచ్చారు, రెండు మీటర్లు బై ఒక మీటరు, రెండూ ఒకటే. నేను ఇవాళే కోశాను. అడుగుబిళ్ళ చక్కగా వచ్చింది. నాలుగు మూలలూ కాలితో బల్లకిందకి తోశాను.

హోషిమ్ కొట్టుకి గోనెపట్టా కట్టాడు. లోపల టక్ టక్, టక్ టక్. సన్నగా, ఆగకుండా. తొట్టికి అంత చప్పుడెందుకు? పేదవాడి చెయ్యి నెమ్మది.

ఏప్రిల్ 3

టక్ టక్.

ఏప్రిల్ 8

తాత చెంబు సొట్టది.

ఏప్రిల్ 10

నిన్న రాయలేదు. మొన్న రాసింది కూడా నిజం కాదు. చెంబు బాగానే ఉంది, దాన్ని చేసింది మా నాన్న.

జరిగింది రాస్తాను. ఇది ఎవరూ చదవరు కదా.

వరసంతా వచ్చింది. రొట్టెలవాళ్ళు, కత్తులవాళ్ళు, ఏటి అవతల జీనులు కుట్టేవాళ్ళు. కరామత్ వచ్చింది, మరదలూ వచ్చింది. నా తొట్టి అద్దంలా ఉంది. రెండే రెండు అతుకులు, తలవెంట్రుకంత సన్నగా. హోషిమ్ తన దానిమీద పట్టా తీశాడు. జనం నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

తొట్టి కాదది, ముక్కల బొంత. గోడ పైభాగమంతా త్రికోణాలు, కొడవలి ముక్కలు, వేలెడు పట్టీలు, పక్కపక్కన పేర్చి, ఒక్కొక్కటీ మడిచి, మాటు వేసి. మా అమ్మమ్మలు గుడ్డపీలికలతో దుప్పటి కుట్టినట్టు. తను కోసిన చదరం నాలుగు మూలలూ వాడు తొట్టిలోకే ఎక్కించాడు.

"ఏరా ముక్కలోడా, పెళ్ళికూతురికి బొంత కుట్టావా?" అన్నాను.

"ఒకే రేకు కదా అన్నారు," అన్నాడు హోషిమ్. "ఒక రేకులోదే. వేరే ముక్క లేదు. కావాలంటే లెక్కపెట్టు."

నా నవ్వు అక్కడ కొంచెం తగ్గింది. వాడి తొట్టి ఎత్తు చూశాను. వెడల్పు చూశాను. సరిగ్గా సగం.

నా తొట్టి ముందు. ఏటినీళ్ళు, కొండమీద మంచు కరిగి వచ్చినవి, వేళ్ళు కొంకర్లుపోతాయి. ఎవరికీ అప్పగించకుండా తాతే స్వయంగా పోశాడు, ఒక్కొక్క చెంబుకీ గట్టిగా అంకె చెప్తూ. నూట ముప్పై రెండు. హోషిమ్ వంగి అడుగంతా వేలితో తడిమి, "కారడంలేదు. మంచి పని," అన్నాడు. మంచి పని అట. వీడెవడు నాకు చెప్పడానికి?

తర్వాత వాడిది. నూట ముప్పై రెండు వచ్చింది, నిండలేదు. నూట ముప్పై ఆరు. జనం గొంతు కలిపి లెక్కపెట్టడం మొదలెట్టారు. నూట నలభై. నేను అతుకుల్నే చూస్తున్నాను. ఇన్ని అతుకులు, ఒక్కటైనా విప్పుకోదా? నూట నలభై అయిదు. అప్పుడు పొర్లింది.

"పొద్దు వాలేదాకా, అసర్ నమాజు దాకా ఆగుదాం," అన్నాడు తాత. "ఎగాంబెర్దీ, నువ్వు చూసి చెప్పు."

ఎండ బాగా కాసింది. అందరూ టీ తాగుతున్నారు. నేను తొట్టి చుట్టూ గొంతుక్కూర్చుని తిరిగాను. నమాజు పిలుపుకి కాస్త ముందు చూశాను. అడుగునుంచి జానెడు పైన, రెండు కొడవలి ముక్కలు కలిసేచోట, ఒక చుక్క. దాని పక్కన ఇంకోటి. రెండూ కలిసి కిందకి జారాయి.

నా గుండె మేకలా గెంతింది.

"ఏముందక్కడ?" అన్నాడు తాత.

జనం లేచి దగ్గరకొచ్చారు. హోషిమ్ రాలేదు. స్టూలుమీదే కూర్చుని తన చేతులు చూసుకుంటున్నాడు. పదివేళ్ళకీ గుడ్డ కట్లు. కరామత్ నన్ను చూస్తోంది. మరదలు తొట్టిని చూస్తోంది, నన్ను కాదు.

వేలితో తుడిచాను. మళ్ళీ వచ్చింది. అతుకుకి దూరంగా, చదును రేకుమీద కూడా వేలు పెట్టాను. అక్కడా తడే. నా తొట్టి దగ్గరికి వెళ్ళి తుడిచాను. దానిమీదా తడే.

తడి అని ఎవరికి కనిపిస్తుంది? చుక్క అతుకు దగ్గరుంది, అందరూ చూశారు. 'కారుతోంది' అంటే చాలు. తిరుగు లేని మాట. తాత రెండో మాట అడగడు. ముప్పై ఏళ్ళుగా ఈ వరసలో నేను చెప్పిన అబద్ధాలకి ఇది ఎన్నోది? కెటిళ్ళకి మూతలు మాటేసినవాణ్ణి, తాత చెప్పుల్ని బల్లకి మేకు కొట్టినవాణ్ణి. ఇది ఎంత పని?

"చెమట," అన్నాను.

"ఏంటి?"

"చల్లనీళ్ళు పోస్తే రేకుకి చెమట పడుతుంది. కారడంలేదు. చెవులు దొబ్బాయా మీకందరికీ? చెమట!"

ఎందుకన్నానో తెలియదు. ఎండకి తల తిరిగింది. నోరు జారింది. అంతే.

ఏప్రిల్ 11

కొట్టు హోషిమ్‌దని తాత రాసిచ్చాడు. హోషిమ్ వచ్చి, "మాటు వెయ్యడానికి నీలాంటి చెయ్యి ఇంకోటి లేదు, నా దగ్గరికి రా," అన్నాడు. నా దగ్గర సుత్తి ఉందన్న సంగతి గుర్తుచేశాను. వెళ్ళిపోయాడు.

ఏప్రిల్ 12

మరదలు వచ్చి కూర్చుంది. నేను తలెత్తలేదు.

"కాగితం హోషిమ్‌కి నువ్వే ఇచ్చావు."

"మేక ఇచ్చింది."

"తప్పు లెక్క అనుకుని ఇచ్చావు. మూలలు నేను మరిచిపోయాననుకున్నావు." కోపంగా లేదు. కోపంగా ఉంటే బాగుండేది. "మూలల సంగతి నేను అడిగాను బావా. కోతలో ఏమైనా పోతుందా అని అడిగాను. గోరంత కూడా పడదన్నావు. నా షరతు నువ్విచ్చిన మాటే. పడుతుందని చెప్పి ఉంటే వేరే లెక్క వేసేదాన్ని. నిన్న వేశాను కూడా. ఏం వచ్చిందో తెలుసా?"

నేను సుత్తి పిడికి గుడ్డ చుట్టుకుంటున్నాను.

"పదకొండుకి ఏడు. మీ నాన్న కర్ర. మూలలు పారేసేవాడికి అంతకంటే మంచి తొట్టి లేదు. ఆయనది తప్పని అన్నాను. నాదే తొందర. కానీ పారేయనివాడికి ఇంకో శిఖరం ఉంది. అది అంతకంటే ఎత్తు."

"అయిపోయిందా పాఠం?"

"అయిపోయింది."

లేచి వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది. "ఆ చెమట మాట," అంది. "నేనైతే అనగలిగేదాన్నో లేదో."

"పోయి పడుకో పంతులమ్మా. పట్టపగలు వాగుతున్నావు."

ఏప్రిల్ 13

బల్లకింద నుంచి ఆ నాలుగు మూలలూ తీసి, ముక్కలు చేసి, అరచెయ్యి పెట్టి కొలిచాను. పధ్నాలుగు అరచేతులు. నూట ముప్పై రెండుకీ నూట నలభై అయిదుకీ మధ్య పదమూడు చెంబులు. అరచేతికి ఒక చెంబని ఆవిడ మార్చిలోనే చెప్పింది. మిగిలిన కాస్తా వాడి అతుకుల్లో పోయి ఉంటుంది.

ఇది ఒక్క రేకుకి. ముప్పై ఏళ్ళలో ఎన్ని రేకులు కోశాను?

లెక్కపెట్టను.

ఏప్రిల్ 28

ఇవాళ తాళం ఇవ్వాల్సిన రోజు. కొత్త కొట్టు తెరిచేదాకా తన పాత సామాను నా కొట్టులో పెట్టుకుంటానని హోషిమ్ అడిగాడట, తాత సరేనన్నాడట. వాడికి కావలసింది చోటు కాదని నాకు తెలుసు. నా బల్లకింద ముప్పై ఏళ్ళ మూలలున్నాయి. పక్కింటి చెట్టుమీద పండ్లు చూసినట్టు ముప్పై ఏళ్ళుగా చూస్తున్నాడు.

పొద్దున్నే వెళ్ళాను. గోనెలు పట్టుకోవడానికి ఇంకెవరూ లేక మరదల్ని తీసుకెళ్ళాను. బల్ల జరిపాను. పాత ముక్కలు, తుప్పు పట్టినవి, మట్టిలో పాతుకుపోయినవి, నాన్న కోసినవి కూడా కొన్ని, అంచు చూస్తే ఆయన కత్తెర తెలిసిపోతుంది. ఒక్కొక్కటీ గోటితో పెకలించాను. ఆవిడ చెయ్యి రెండుచోట్ల తెగింది. గుడ్డ చుట్టుకుంది, ఆగలేదు.

ఎనిమిది గోనెలయ్యాయి.

"ఎన్ని అరచేతులుంటాయి బావా?"

"నోరు మూసుకుని పట్టు."

పట్టింది. తొమ్మిదో గోనె సగమయింది. చీపురుతో మూడుసార్లు ఊడ్చాను. ఆఖరికి తడిగుడ్డతో తుడిచాను. మా ఇంట్లో కూడా నేనెప్పుడూ నేల తుడవలేదు.

గోనెలు మా ఇంటికి చేరాక, మధ్యాహ్నం హోషిమ్ వచ్చాడు. తాళం వాడి చేతిలో పెట్టాను. లోపలికి అడుగు పెట్టాడు. అలవాటు కొద్దీ వంగాడు. బల్లకింద చూశాడు, తలుపు మూల చూశాడు, మోకాళ్ళమీద కూర్చుని కొలిమి వెనక కూడా చేతితో తడిమాడు.

గోరంత ముక్క దొరకలేదు.